కెమెరా చార్జర్ పోతే ఏది కొనాలి: ఒరిజినలా, లోకలా, యూఎస్‌బీనా?

చార్జర్ కొనడానికి వెళ్తున్నప్పుడు జేబులో ఉండాల్సింది బ్యాటరీ. కెమెరా పేరొక్కటే చెప్తే పని జరగదు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఏ షాపు ముందైనా నిలబడి "కానన్ చార్జర్ ఉందా" అని అడగండి, మూడు నాలుగు రకాలు తీసి గ్లాసు మీద పెడతారు. అన్నీ కానన్‌కి పనికొచ్చేవే, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. 700డీకి ఎల్‌పీ-ఈ8 బ్యాటరీ. దాని తరవాత వచ్చిన 750డీకి ఎల్‌పీ-ఈ17. 1300డీ, 1500డీలకు ఎల్‌పీ-ఈ10. ఒకదాని చార్జర్‌లో ఇంకొకటి కూర్చోదు. నికాన్ వాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ. డీ3100 నుంచి డీ3500 దాకా, డీ5100 నుంచి డీ5600 దాకా అన్నిటికీ ఈఎన్-ఈఎల్14 లేదా 14ఏ బ్యాటరీ, వాటికి ఎంహెచ్-24 చార్జర్.

బ్యాటరీ తీసుకెళ్ళడం కుదరకపోతే రెండు వైపులా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నంబరు, వోల్టేజీ, ఎంఏహెచ్ (ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే అంకె) స్పష్టంగా పడాలి. 3.6 లేదా 3.7 వోల్టులని రాసుంటే లోపల ఉన్నది ఒకే సెల్లు, అలాంటివి మామూలుగా 4.2 వోల్టుల దగ్గర నిండుతాయి. 7.2 లేదా 7.4 అని ఉంటే రెండు సెల్లులు వరసగా ఉన్నట్టు, నిండితే 8.4 వోల్టులు. ఈ 8.4 అంకెను మర్చిపోవద్దు, చివర్లో మళ్ళీ దీంతో పని పడుతుంది.

అసలు పోయింది చార్జరేనా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు పది నిమిషాలు దీని మీద పెట్టండి. కానన్ చార్జర్లలో పేరు చివర అదనంగా 'ఈ' ఉంటే, అంటే ఎల్‌సీ-ఈ6ఈ, ఎల్‌సీ-ఈ10ఈ లాంటివైతే, వాటికి విడిగా వైరు ఉంటుంది. రెండు రంధ్రాలు, 8 అంకె ఆకారం. పాత టేప్ రికార్డర్లకు వచ్చేది అదే వైరు, షాపులో టేప్ రికార్డర్ వైరు అంటే చాలు, ఇచ్చేస్తారు. మడతపెట్టి మడతపెట్టి లోపల తెగిపోయేది చాలాసార్లు ఇదే. ఇంట్లో సెట్ టాప్ బాక్స్‌కో ప్రింటర్‌కో అదే రకం వైరు ఉంటే దాన్ని పెట్టి చూడండి. లైటు వెలిగితే మీ ఖర్చు వంద రూపాయలకు అటూ ఇటూ.

లైటు మిణుకుమంటే పాడైందని కంగారు పడకండి. కానన్ ఎల్‌సీ-ఈ6 అయితే చార్జింగ్ సగం లోపు ఉన్నప్పుడు ఆరెంజ్ లైటు ఒక్కోసారి మెరుస్తుంది, సగం దాటాక రెండేసి సార్లు, ముప్పావు దాటాక మూడేసి సార్లు. నిండితే ఆకుపచ్చ. నికాన్ ఎంహెచ్-24 మిణుకుమంటోందంటే చార్జింగ్ ఎక్కుతోందని, నిలకడగా వెలిగితే నిండిందని. మామూలుగా మనం అనుకునేదానికి ఇది తలకిందులు. అదే లైటు గబగబా కొట్టుకుంటుంటే మాత్రం బ్యాటరీ వేడి హద్దు దాటిందనో, బ్యాటరీలోనే తేడా ఉందనో అర్థం. నికాన్ చెప్పే చార్జింగ్ వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలు. చెన్నై కత్తిరి వెయిల్ మన రోహిణి కార్తె కన్నా ముందే మొదలైపోతుంది కదా, ఆ రోజుల్లో కారులో వదిలేసిన బ్యాటరీని తెచ్చి నేరుగా చార్జర్‌లో పెడితే ఎక్కకపోవడంలో వింతేం లేదు. ఫ్యాను కింద అరగంట ఉంచి మళ్ళీ పెట్టండి.

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళు ఇంకొకటి కూడా చూడాలి. ఉప్పుగాలికి చార్జర్ పిన్నుల మీద, బ్యాటరీ బంగారు రేకుల మీద మసక పొర పడుతుంది. ప్లగ్గు తీసేసి, పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది పొడి గుడ్డతో తుడిస్తే ప్రాణం పోసుకున్నవి ఉన్నాయి. బ్యాటరీ పొట్ట ఉబ్బి కెమెరాలోకి బిగుతుగా వెళ్తోందా? అప్పుడు ఏ చార్జర్ కొన్నా దండగే. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకివ్వండి, ముందు బ్యాటరీ కొనుక్కోండి.

ఇవన్నీ చూశాక కూడా చార్జరే పోయిందని తేలితే, ఇక ఎంపిక.

ఒరిజినల్ ఎవరికి అవసరం

కంపెనీ చార్జర్ వేలల్లో ఉంటుంది, బయటి బ్రాండువి వందల్లో దొరుకుతాయి. ఈ తేడాకి మనకొచ్చేదేమిటంటే చార్జింగ్‌ని ఎక్కడ ఆపాలో దానికి కచ్చితంగా తెలుసు. లిథియం బ్యాటరీకి మొదట ఒకే స్థాయిలో కరెంటు ఎక్కించాలి. వోల్టేజీ 8.4కి చేరాక దాన్ని అక్కడే పట్టి ఉంచి కరెంటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నాసిరకం చార్జర్లు తప్పేది ఈ రెండో దశలోనే. కొన్ని ముందే ఆకుపచ్చ వెలిగించి చేతులు దులుపుకుంటాయి, కొన్ని ఆపాల్సిన చోట ఆపవు. మొదటి రకం వల్ల ఫోటోలు తక్కువొస్తాయి. రెండో రకం వల్ల బ్యాటరీ పోతుంది, ఒక్కోసారి అంతకన్నా పెద్ద ప్రమాదమే జరగొచ్చు.

అయితే ఒరిజినల్ కొంటే అన్నీ కుదురుతాయని కూడా లేదు. ఎల్‌పీ-ఈ17 బ్యాటరీలో గుర్తింపు చిప్ ఉంటుంది. మీ దగ్గరున్నవి బయటి బ్రాండు ఈ17లు అయితే, వాటిలో చాలావాటిని కానన్ సొంత చార్జర్ ఎల్‌సీ-ఈ17 ఒప్పుకోదు. చక్కగా బిగుస్తుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు. అలాంటప్పుడు బ్యాటరీ ఏ బ్రాండుదైతే చార్జర్ కూడా ఆ బ్రాండుదే తీసుకోవడం మేలు. 200డీ, 750డీ వాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ళలో ఇంకో దారి కూడా ఉంది, అమెరికా నుంచి వస్తున్న మేనత్త కొడుకుతోనో వదినగారి తమ్ముడితోనో తెప్పించుకోవడం. చార్జర్ వెనక 100-240 వోల్టులని ఉంటే మన 230కి భయం లేదు. తంటా పిన్నులతోనే. అక్కడి చార్జర్లు చాలావాటికి చప్పిడి పిన్నులు నేరుగా ఒంటికే ఉంటాయి. కన్వర్టర్ పెట్టి మన ప్లగ్గులో గుచ్చితే బరువుకి వంగుతుంది, వదులై చిటపటమంటుంది. రోజూ వాడేదానికి అది పనికిరాదు. తెప్పించుకుంటే వైరుతో వచ్చే రకం తెప్పించుకోండి, ఇక్కడ టేప్ రికార్డర్ వైరు మార్చుకుంటే సరిపోతుంది.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు, కెమెరా మీదే బతికేవాళ్ళు ఒరిజినల్ ఒకటి ఇంట్లోనో స్టూడియోలోనో ఉంచుకోవాలనే నా అభిప్రాయం. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి అంటే, రాత్రి పదకొండింటికి పెట్టిన బ్యాటరీ నిండిందా లేదా అన్న టెన్షన్ ఎవరికీ వద్దు.

బయటి బ్రాండ్లు: అసలు బేరం ఇక్కడే

డిజిటెక్ లాంటి ఇక్కడి బ్రాండ్లు, నైట్‌కోర్, స్మాల్‌రిగ్ లాంటి పైదేశపువి, ఇవన్నీ రెండు బ్యాటరీలు పట్టే యూఎస్‌బీ చార్జర్లు చేస్తున్నాయి. సరదాకి తీసేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఫోన్ చార్జర్‌తో నడుస్తుంది, పవర్ బ్యాంకుతో నడుస్తుంది, బ్యాగులో చోటు తినదు. కానీ డబ్బా మీద "డ్యూయల్", "ఫాస్ట్" అని చూసి లెక్క తప్పకండి.

ఎల్‌పీ-ఈ6 తీసుకుందాం. 7.2 వోల్టులు, 1800 ఎంఏహెచ్, గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 13 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. కానన్ సొంత చార్జర్ 8.4 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు ఇస్తుంది, అంటే 10 వాట్లు. రెండున్నర గంటల్లో నింపుతుంది. ఇప్పుడు యూఎస్‌బీ డ్యూయల్‌ని సొరుగులో దొరికిన పాత ఫోన్ అడాప్టర్‌కి తగిలించారనుకోండి. 5 వోల్టులు, 1 ఆంపియర్, మొత్తం 5 వాట్లు. ఆ 5 వోల్టులను 8.4కి పెంచడంలో కొంత వేడిగా పోతుంది, బ్యాటరీకి చేరేది నాలుగు వాట్లకు కాస్త ఎక్కువ. ఒక్క బ్యాటరీకే మూడు గంటలు దాటుతుంది. రెండూ పెడితే ఆ నాలుగు వాట్లనే చెరిసగం పంచుకోవాలి, రాత్రంతా పడుతుంది. చార్జర్ మంచిదే అయినా "స్లో" అని తిట్లు తినేది ఇందుకే. కనీసం 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. చార్జర్ మీద ఇన్‌పుట్ 9 వోల్టులు కూడా రాసుంటే అది ఇంకా మంచిది.

టైప్-సీ రంధ్రం ఉన్నవాటితో ఇంకో చిక్కు. తక్కువ రకం చార్జర్లలో ఆ రంధ్రం వెనక ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా వదిలేస్తారు. అప్పుడు రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరు పెడితే లైటే రాదు. అడాప్టర్ వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న వైరు పెడితే శుభ్రంగా పనిచేస్తుంది. మీ దగ్గర ల్యాప్‌టాప్, ఫోన్ అన్నీ సీ-టు-సీ అయితే షాపులోనే ఆ వైరుతో పెట్టి చూడమనండి.

శాతం చూపించే చిన్న తెర అందంగానే ఉంటుంది. ఎక్కువ చార్జర్లు ఆ అంకెను వోల్టేజీ చూసి అంచనా వేస్తాయి కాబట్టి 95 నుంచి 100కి రావడానికి చాలాసేపు పట్టొచ్చు. దానికోసం ఎక్కువ డబ్బులివ్వక్కర్లేదు.

జరిగే పిన్నుల యూనివర్సల్ చార్జర్

రెండు లోహపు పిన్నులు అటూ ఇటూ జరుపుకుని ఏ బ్యాటరీకైనా ఆనించే రకం ఇది. అన్నిట్లోకీ చవక. నాకు నచ్చనిదీ ఇదే, కారణం చెప్తాను. మీ బ్యాటరీ రేకుల్ని దగ్గరగా చూడండి, ప్లస్, మైనస్ పక్కన ఒకటో రెండో అదనంగా ఉంటాయి. చాలావాటి మీద చిన్న అక్షరం 'టి' కనిపిస్తుంది. అది లోపలి వేడిని చార్జర్‌కి చెప్పే దారి. ఈ యూనివర్సల్ రకానికి ఉన్నవి రెండే పిన్నులు, ప్లస్‌కీ మైనస్‌కీ తప్ప దేనికీ తగలవు. బ్యాటరీ లోపల ఎంత వేడెక్కుతున్నా దానికి తెలిసే అవకాశమే లేదు. పైగా పిన్ను కొంచెం జరిగితే పక్క రేకుకి తగులుతుంది.

దీనికీ ఒక పనుంది. ఈ మధ్య పిల్లలకి పాత డిజికామ్‌ల, అంటే జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరాల మోజు పట్టుకుంది. బీరువాలోంచి నాన్నగారి ఐక్సస్‌నో సైబర్‌షాట్‌నో తీస్తారు, చార్జర్ ఎప్పుడో పోయుంటుంది. ఆ కెమెరా అసలు ఆన్ అవుతుందో లేదో తెలియకుండా ఎన్‌బీ-11ఎల్‌కో ఎన్‌పీ-బీఎన్1కో చార్జర్ కొనడం ఎందుకు? తెలిసిన షాపులో ఉన్న యూనివర్సల్‌తో ఒక పావుగంట ఎక్కించి చూడమనండి, పక్కనే నిలబడండి. కెమెరా లేచిందా, ఆ నంబరుకి సరైన చార్జర్ కొనుక్కోండి. రాత్రి దిండు పక్కన పెట్టి పడుకునే చార్జర్ మాత్రం కాదిది. ఏళ్ళ తరబడి సొరుగులో పడున్న బ్యాటరీని మంచి చార్జర్ ఒప్పుకోకపోతే, "బూస్ట్ ఇచ్చి లేపుతాం" అనేవాళ్ళకి ఇవ్వకండి. అంత లోతుకి దిగిపోయిన సెల్లుని బలవంతంగా లేపడం క్షేమం కాదు.

పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాత కూల్‌పిక్స్, పవర్‌షాట్ అయితే మీకు ఈ గొడవే లేదు. ఎనెలూప్ లాంటి రీచార్జబుల్ సెల్స్, వాటి చార్జర్, అంతే.

చార్జరే వద్దనుకుంటే

కొన్ని కెమెరాలు బ్యాటరీని తమలోనే చార్జ్ చేసుకుంటాయి. సోనీ ఏ6000 పెట్టెలో అసలు విడి చార్జరే రాదు, మైక్రో యూఎస్‌బీ వైరుతోనే ఎక్కాలి. కాకపోతే ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 పూర్తిగా నిండడానికి ఐదు గంటలకు పైనే పడుతుంది, అంతసేపూ కెమెరా గోడకి కట్టేసినట్టే. నికాన్ జెడ్6లో యూఎస్‌బీ చార్జింగ్ ఉంది కానీ బ్యాటరీ ఈఎన్-ఈఎల్15బీ అయినా 15సీ అయినా ఉండాలి. పాత 15, 15ఏ పెడితే కెమెరా నడుస్తుంది, చార్జింగ్ ఎక్కదు. కానన్ ఆర్5, ఆర్6 లాంటివి పవర్ డెలివరీ (టైప్-సీ వైరులో ఎక్కువ వాట్లు పంపే పద్ధతి) ఉన్న అడాప్టర్ అడుగుతాయి, మామూలు ఫోన్ చార్జర్‌కి ఉలకవు పలకవు. 1500డీ, డీ5600 లాంటి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఈ సౌకర్యమే లేదు, యూఎస్‌బీ రంధ్రం ఫోటోలు దించుకోవడానికే. షాపులో "వైరు పెట్టండి సార్, ఎక్కుతుంది" అన్నా నమ్మకండి.

పులికాట్‌కో నేలపట్టుకో పక్షుల కోసం వెళ్ళేవాళ్ళకి పవర్ బ్యాంకు లెక్క కూడా చెప్పాలి. 10,000ని 1,230తో భాగించి ఈఎన్-ఈఎల్14ఏ ఎనిమిది సార్లు నిండుతుందనుకుంటారు. పవర్ బ్యాంకు మీది ఎంఏహెచ్ 3.7 వోల్టుల దగ్గరిది, మీ బ్యాటరీది 7.2 దగ్గరిది. వాట్ అవర్లలో చూస్తే పవర్ బ్యాంకు 37, దారిలో నష్టాలు పోగా చేతికొచ్చేది 22, 23. బ్యాటరీకి కావాల్సింది దాదాపు 9. కాబట్టి రెండు సార్లు, మహా అయితే రెండున్నర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీయడానికి అది చాలు. విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. చార్జర్ చెక్-ఇన్‌లో వేసినా ఇబ్బంది లేదు.

చెన్నైలో ఎక్కడ, ఎలా

రిచీ స్ట్రీట్ అని మనమంటున్నది అన్నాసాలై పక్కన నరసింగపురం స్ట్రీట్, దాని చుట్టుపక్కల సందులూ కలిపి. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగితే నడిచి పోవచ్చు. ఆదివారం వెళ్ళకండి, చాలా షట్టర్లు దించే ఉంటాయి. తెలుగులో అడిగితే తెలుగులోనో హిందీలోనో జవాబిచ్చేవాళ్ళు దొరుకుతారు. బీచ్ స్టేషన్ ఎదురుగా రాజాజీ సాలై మీదున్న బర్మా బజార్, బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళుల కోసం 1969లో మొదలైంది. అక్కడ వైర్లు, పౌచ్‌లు బేరమాడి కొనుక్కోవచ్చు. చార్జర్‌కి మాత్రం బిల్లిచ్చే చోటుకే వెళ్తాను నేను.

మాటలు సాధారణంగా ఇలా సాగుతాయి. "అన్నా, ఇది ఒరిజినలేనా?" "కంపెనీ దా సార్, బాక్స్ మట్టుం ఇల్లే." పెట్టె ఒక్కటే లేదట. కంపెనీ చార్జర్ పెట్టె లేకుండా కొత్తగా కౌంటర్ మీదికి ఎలా వచ్చిందో అడిగితే, "సరే సార్, ఫస్ట్ కాపీ" అంటాడు. ఆయనకు కోపమేం ఉండదు, ధర కూడా అక్కడే తగ్గుతుంది. అలాంటిది కొనడం కన్నా అదే డబ్బుకి తన పేరు తాను వేసుకున్న బ్రాండు మేలు. కానన్ అని దొంగ పేరు పెట్టుకున్నదానికి ఎవరూ పూచీ ఉండరు.

బీఐఎస్ గుర్తు, అంటే మన దేశపు ప్రమాణాల సంస్థ ముద్ర కూడా చూడండి. గోడ ప్లగ్గులో పెట్టే అడాప్టర్ల మీద, లిథియం బ్యాటరీల మీద 'ఆర్' తరవాత ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ ఉంటే ఆ నంబరు కొట్టి ఎవరి పేరు మీదుందో అక్కడే చూసుకోవచ్చు. పెట్టె మీద ఒక కంపెనీ, యాప్‌లో ఇంకో కంపెనీ వస్తే ఎందుకని అడగండి. బ్రాండు వేరు, తయారీదారు వేరు అయ్యే సందర్భాలుంటాయి, కానీ షాపతను సమాధానం చెప్పగలగాలి.

సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ దొరికితే కాదనక్కర్లేదు, చార్జర్లు బ్యాటరీల్లా అరిగిపోయేవి కావు. పిన్నులు స్ప్రింగులా వెనక్కి లేస్తున్నాయా, ఊపితే లోపల గలగలమంటోందా, కాలిన వాసనుందా చూసి తీసుకోండి.

కొన్న రోజు రాత్రే మీరు మెలకువగా ఉన్నప్పుడు ఒకసారి పూర్తిగా చార్జ్ చేయండి. బ్యాటరీ గోరువెచ్చగా ఉండటం మామూలే, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ప్లగ్గు పీకేయండి. నిండిందని లైటు చెప్పాక బ్యాటరీ బయటికి తీసి, మల్టీమీటర్ ఉంటే ప్లస్, మైనస్ మధ్య చూడండి. మీటర్ లేకపోతే వీధి చివర టీవీ రిపేరు షాపులో ఒక నిమిషం పని. 7.2 వోల్టుల బ్యాటరీ 8.2, 8.4 మధ్య చూపిస్తే మంచి చార్జర్. ఎనిమిదికే ఆకుపచ్చ వెలిగించేసిందంటే పూర్తిగా నింపడం లేదని. 8.5 దాటితే మళ్ళీ దాంట్లో బ్యాటరీ పెట్టకండి, మర్నాడే బిల్లు పట్టుకుని వెళ్ళి తిరిగిచ్చేయండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు ఈ పరీక్ష రిటర్న్ గడువు లోపలే చేయాలి, అప్పటిదాకా పెట్టె చింపి పారేయకండి.